సువార్తమ్మ జలుబు

బుధవారం సాయంత్రం చర్చి పాటల ప్రాక్టీసులో రెండో చరణం అందుకోబోతూ సువార్తమ్మ తుమ్మింది. మామూలు తుమ్ము కాదది. ప్రకాష్ బాబు కీబోర్డు మీద వేళ్ళు ఆపేశాడు. ముందు వరుసలో కూర్చున్న ప్రిస్కిల్లా సిస్టర్ మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. మదనపల్లెలో ఆ చిన్న చర్చి హాల్లో ఉన్న పదహారుమందికీ ఒకేసారి గుబులు పుట్టింది. ఎందుకంటే ఆదివారం కుప్పంలో కోతపండుగ. అక్కడ మూడు ఊళ్ళ సంఘాల ముందు నిలబడి సోలో పాడాల్సిన మనిషి సువార్తమ్మే.

"దుమ్మప్పా," అంది సువార్తమ్మ ముక్కు తుడుచుకుంటూ. "ఈ పొద్దు చాపలు దులిపినారు గదా ఈడ."

"దుమ్ము కాదు," అంది ప్రిస్కిల్లా సిస్టర్. "ముక్కు సూడు ఎట్ల ఎర్రగా ఉండాదో. జలుబు అది."

ప్రిస్కిల్లా సిస్టర్ ముప్పైనాలుగేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసింది, అందులో చివరి పన్నెండేళ్ళు హెడ్ నర్సు. ఆమె జలుబంటే అది జలుబే, ఇంక వాదన లేదు. సువార్తమ్మ అదే వార్డులో ముప్పైయొక్క ఏళ్ళు ఆయమ్మ. పక్కలు మార్చింది, రోగులను ఎత్తి కూర్చోబెట్టింది, సిస్టర్లు ఏది చెబితే అది చేసింది. ఇద్దరూ రిటైరయ్యారు గానీ ఆ అలవాటుకు మాత్రం ఇంకా రిటైర్మెంటు రాలేదు. ప్రాక్టీసులో సిస్టర్ "సువార్తా" అంటే చాలు, సువార్తమ్మ కుర్చీలోంచి లేచి నిలబడుతుంది.

పాటలోనూ అదే వరస. సోలో ఎప్పుడూ సిస్టరమ్మలదే. అలాగని ఎక్కడా రాసిపెట్టలేదు, రాయాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. ఆయమ్మలూ వంటవాళ్ళూ వెనక వరుసలో గోడకు దగ్గరగా నిలబడి అందరితోపాటు పాడేవాళ్ళు. ఇరవైరెండేళ్ళుగా సోలో ప్రిస్కిల్లా సిస్టరే పాడుతోంది. ఈ ఏడు ప్రకాష్ బాబు అనే లెక్కల మాస్టరు కొత్తగా వచ్చి బృందాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వాన మీద సొంతంగా ఒక పాట కట్టి, ఒక్కొక్కరినీ రెండేసి లైన్లు పాడమని, తాను మాత్రం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అందరూ పాడాక, "పదకొండో గొంతు," అన్నాడు. పదకొండో గొంతు సువార్తమ్మది. హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. "దేవుని చిత్తం," అంది ప్రిస్కిల్లా సిస్టర్, ఆ చిత్తం మీద పైకోర్టుకు పోయే ఉద్దేశం ఉన్న మనిషిలా.

ఇది జరిగి మూడు వారాలైంది. ఇప్పుడీ తుమ్ము.

"రెండు దినాలు రెస్టు తీసుకో అక్కా," అన్నాడు ప్రకాష్ బాబు. "గొంతు ఎక్కువ వాడొద్దు."

"రెస్టుతో యాడ పోతాదయ్యా," అంది ప్రిస్కిల్లా సిస్టర్. "సి విటమిన్ పడాల. నేను సూసుకుంటా. రేపు పొద్దున్నే ఇంటికి వస్తా సువార్తా."

సువార్తమ్మ లేచి నిలబడింది. "అట్లనే సిస్టర్," అంది.

*

సువార్తమ్మ ఉండేది ఆస్పత్రి వెనక సందులో. ఆ సందులో ఇళ్ళన్నీ ఆస్పత్రి వాళ్ళవే. నర్సులు, ల్యాబు వాళ్ళు, రిటైరైనా ఆ సందు విడిచిపోలేని వాళ్ళు. ఒంట్లో బాగాలేని మనిషిని చూడటానికి ఒట్టి చేతులతో పోవడం అక్కడ పద్ధతి కాదు. ఇదివరకు బ్రెడ్డు పట్టుకుపోయేవాళ్ళు, లేకపోతే డజను అరటిపళ్ళు. కరోనా వచ్చి పోయినప్పటినుంచీ అరటిపళ్ళ స్థానంలోకి సి విటమిన్ వచ్చి కూర్చుంది. ప్రతి ఇంట్లో పంచదార డబ్బా పక్కన అదొకటి ఉంటుంది. ఎవరు తుమ్మినా నాలుగు గుమ్మాలు తెరుచుకుంటాయి.

గురువారం ఏడు గంటలకే ప్రిస్కిల్లా సిస్టర్ వచ్చింది. చేతిలో పొడుగాటి గొట్టం లాంటి డబ్బా. సువార్తమ్మ చేత గ్లాసు కడిగించి, నీళ్ళు పోయించి, అందులో ఒక పెద్ద బిళ్ళ వేసింది. నీళ్ళు బుసబుసమని పొంగి నారింజ రంగుకు తిరిగాయి.

"వెయ్యి మిల్లీగ్రాములు. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. తాగు."

సువార్తమ్మ నిలబడే తాగింది. నురగ ముక్కులోకి పోయి మళ్ళీ తుమ్మొచ్చింది. సిస్టర్ ఆమె గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి గొంతు చూసి, పర్వాలేదన్నట్టు తలూపి, డబ్బా అక్కడే వదిలి వెళ్ళింది.

తొమ్మిదింటికి శాలిని వచ్చింది. ఇప్పటి స్టాఫ్ నర్సు, బృందంలో పాడే పిల్ల. డ్యూటీ దిగి ఇంటికి పోతూ పోతూ ఒక స్ట్రిప్పు ఇచ్చింది. "సప్పరించేవి అక్కా, పిప్పరమెంటు మాదిరి ఉంటాయి. పూటకొకటి, మూడు పూటలా." మధ్యాహ్నం ల్యాబు శారదమ్మ వచ్చింది. ఆమెది వెండి రంగు రేకు. "అవన్నీ కాదు సువార్తా, ఇది వేరే. ఇందులో జింకు ఉండాది. దినానికి రెండు మింగు." అవన్నీ అంటే ఏవో ఆమె అడగలేదు. ఇంకెవరు ఏమిచ్చారని శాలినీ అడగలేదు. సువార్తమ్మ కూడా చెప్పలేదు. ఒక సిస్టర్ ఇచ్చిందని ఇంకో సిస్టర్‌కి చెప్పడం వార్డులో ఆయమ్మ పని కాదు.

అన్నిటినీ కిటికీ గూట్లో వరసగా పెట్టుకుంది, వార్డులో మందుల ట్రే సర్దినట్టు. పొద్దుటివి ఎడమవైపు, మధ్యాహ్నానివి నడుమ, సాయంత్రానివి కుడివైపు. ఒక్క డోసు కూడా తప్పనివ్వలేదు. డోసు తప్పిన రోగులు ఎన్ని చీవాట్లు తిన్నారో ఆమె కళ్ళారా చూసింది.

ఆమె మొగుడు జయరత్నం దర్జీ. గుమ్మం దగ్గర మిషను వేసుకుని, ఆదివారానికి బృందం కోసం మెరూన్ అంచు కండువాలు కుడుతున్నాడు. కాలు ఆపకుండానే గూటి వైపు చూశాడు.

"యాలమే ఇన్ని మందులు?"

"పేర్లు సూడు, అన్నీ వేరే వేరే. ఒకటి గొంతుకి, ఒకటి ముక్కుకి, ఒకటి బలానికి."

"ఎవరు సెప్పినారు అట్ల?"

"ఎవరూ సెప్పల్యా. నేనే అనుకుంటి."

"అనుకునేదేంది, అడగరాదా?"

"బాగుండాది. ఇంటికొచ్చి చేతిలో పెట్టినాక, ఇది యాల అని అడిగితే మర్యాదగా ఉంటాదా?"

జయరత్నం దారం కొరికి ఇంకో కండువా అందుకున్నాడు. ఆస్పత్రి మర్యాదల్లో అతను తలదూర్చడు.

శుక్రవారానికి ముక్కు కారడం తగ్గలేదు, గొంతు బొంగురు పోయింది. అది చాలదన్నట్టు మధ్యాహ్నం నుంచి కడుపులో గడబిడ మొదలైంది. సాయంత్రానికి మూడుసార్లు పెరట్లోకి పోయి వచ్చింది. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, జయరత్నానికి కూడా. చెబితే అతను సిస్టర్‌కి చెబుతాడు, సిస్టర్ "రెస్టు తీసుకో, బండెక్కొద్దు" అంటుంది, సోలో పోతుంది. యాభైతొమ్మిదేళ్ళ వయసులో ఒక పాట ఆమెది అయింది. "వాన చినుకు తాకిన చోట నేల నవ్వింది" అనే లైను అంట్లు తోముతూ, కూరగాయలు కోస్తూ, నిద్రలో కూడా పాడుకుంది. అది చేయి జారిపోతుందేమోనని అన్నం ముందు కూర్చుని ఏడ్చింది కూడా. ఏడిస్తే ముక్కు ఇంకా దిబ్బడేసింది. ఏం చేయాలో తోచక, జలుబు తొందరగా పోతుందని, శాలిని ఇచ్చిన వాటిలో ఇంకో రెండు తీసి చప్పరించింది. నిజం చెప్పాలంటే అవి రుచిగా కూడా ఉన్నాయి.

*

శనివారం తొమ్మిదింటికి టెంపో బయల్దేరింది. డ్రైవరు గోవిందప్ప పక్క సీట్లో ప్రిస్కిల్లా సిస్టర్, ఒళ్ళో ఫ్లాస్కు, గ్లాసు, సువార్తమ్మ దగ్గర్నుంచి తీసుకున్న గొట్టం డబ్బా. వెనక సీట్లలో శాలిని, శారదమ్మ, మిగతావాళ్ళు పాటలు పాడుకుంటున్నారు. సువార్తమ్మ తలుపు పక్కన కూర్చుంది, గాలి కావాలని చెప్పింది. నిజానికి ఆమెకు కావాల్సింది తలుపు.

దారి పొడుగునా టమోటా లారీలు. ఒక్కో గుంటలో టెంపో ఎగిరినప్పుడల్లా ఆమె ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. పక్కవాళ్ళు పాడమంటే గొంతు చూపించి తప్పించుకుంది. పుంగనూరు పొలిమేర కనబడేసరికి నుదుటి మీద చెమట పట్టింది.

"టీ తాగి పోదామా?" అన్నాడు ప్రకాష్ బాబు.

గోవిందప్ప బండి పూర్తిగా ఆపకముందే సువార్తమ్మ దిగేసింది. అందరూ టీ అంగడి వైపు పోతే ఆమె సంచి చంకన పెట్టుకుని రోడ్డు దాటింది. ఎదురుగా ఒక మెడికల్ షాపు ఉంది. ఇంటి ముందు గదినే షాపు చేశారు. కౌంటరు వెనక ఇరవైనాలుగు, ఇరవైఐదేళ్ళ పిల్ల పెట్టెలోంచి మందులు తీసి అరల్లో పేరుస్తోంది. ఫార్మసీ చదివిన సర్టిఫికెట్టు గోడకు కొత్త అద్దంలో మెరుస్తోంది. భవ్య అని పేరు.

"ఏం కావాలక్కా?"

"కడుపు కట్టేదానికి ఒక మాత్ర ఇయ్యి పాపా. బిరీన ఇయ్యి."

భవ్య ఆమె మొహం చూసింది, కడుపు మీది చెయ్యి చూసింది, మాత్ర కోసం వెతకలేదు. కౌంటరు పలక పైకి లేపింది. "ముందు లోపలికి పో అక్కా. మా ఇల్లే ఇది. వంటింటి పక్కన ఉండాది."

సువార్తమ్మకు సిగ్గుపడే తీరిక లేదు.

తిరిగి వచ్చేసరికి కౌంటరు పక్కన స్టూలు వేసి ఉంది. భవ్య ఒక చెంబులో ఓఆర్ఎస్ పొడి కలుపుతోంది.

"కూకో. ఇది రవ్వరవ్వ తాగు. ఎన్నిసార్లు పోయినావు?"

"నిన్న మూడు. ఈ పొద్దు ఇది నాలుగు."

"జరం ఉండాదా? నెత్తురు గానీ పడిందా?"

"అట్లాంటిదేం ల్యా పాపా. జలుబు, అంతే."

"జలుబుకి ఏం మింగినావు?"

సువార్తమ్మ సంచి విప్పి రెండు స్ట్రిప్పులు కౌంటరు మీద పెట్టింది. గొట్టం డబ్బా సిస్టర్ దగ్గర ఉంది కాబట్టి దాని రంగు, పేరు, బుసబుస పొంగడం నోటితో చెప్పింది. భవ్య ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, వెనకున్న చిన్న అక్షరాలు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. ఒక కాగితపు కవరు మీద పెన్నుతో అంకెలు వేసింది.

"ఇది దేనికక్కా?"

"గొంతుకి."

"ఇది?"

"బలానికి."

"మరి ఆ పొంగేది?"

"ముక్కుకి."

భవ్య నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరికింది, ఆగలేదు. "తప్పుగా అనుకోవద్దక్కా. పేర్లే మూడు. మందు ఒకటే. మూడూ సి విటమిన్నే."

సువార్తమ్మ చెంబు కింద పెట్టింది. "మూడూనా?"

"ఒకదాంట్లో రవ్వంత జింకు కూడా ఉండాది. దినానికి నాలుగువేల ఐదొందల మిల్లీగ్రాములు పోతా ఉండాది లోపలికి."

"నిన్న మాపటికి ఇంగ రెండు సప్పరించినా," అంది సువార్తమ్మ చిన్నగా.

"అయితే ఐదువేల ఐదొందలు." భవ్య ఆ అంకె కింద గీత గీసింది. "మనిషికి దినానికి నూరు కూడా పట్టదక్కా. ఒక జామకాయ తింటే వస్తాది. జలుబని రోజుకొక ఐదొందల మాత్ర మింగితే మామూలోళ్ళకి ఏం కాదు. రెండువేలు దాటితే కడుపు ఒప్పుకోదు, నీళ్ళమాదిరి బయటికి తోసేస్తాది. నీకి అయింది అదే అనుకుంటా. ఇవి ఆపేసెయ్. రేపటికి తగ్గకపోయినా, జరం వచ్చినా డాక్టరు దగ్గరికి పోవాల, సరేనా?"

"మరి జలుబు?"

"జలుబు వచ్చి కూకున్నాక దీన్ని గంపలకొద్దీ పోసినా పోదు. వారం ఉంటాది, దానంతట అది పోతాది. ఆవిరి పట్టు. వేడినీళ్ళు తాగు." ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "అక్కా, నీకి ఎప్పుడన్నా కిడ్నీలో రాయి వచ్చిందా?"

"ఎనిమిదేండ్ల కిందట. మా ఆస్పత్రిలోనే సూపించుకున్నా."

భవ్య మొహంలో నవ్వు పోయింది. "ఇవి ఇచ్చినోళ్ళు ఆ మాట అడగల్యా?"

ఆ రాయి నొప్పికి సువార్తమ్మ మెలికలు తిరుగుతుంటే ఇంజెక్షను వేసింది ప్రిస్కిల్లా సిస్టరే. తల నిమిరింది కూడా.

"అడగల్యా," అంది.

"రాయి వచ్చినోళ్ళకి ఇంత ఇంత డోసు మంచిది కాదక్కా. మళ్ళా రాయి కట్టొచ్చు. నువ్వు డాక్టర్ని అడక్కుండా ఇంగ దీన్ని ముట్టుకోవద్దు, ఎవరిచ్చినా సరే."

"సిస్టరమ్మలు ఇస్తారు పాపా. సదువుకున్నోళ్ళు. వాళ్ళకి ఎట్ల సెప్పేది వద్దని?"

"ఎట్లనో ఒకట్ల సెప్పు. కడుపు నీదే గదా."

మాత్ర ఇవ్వలేదు భవ్య. ఓఆర్ఎస్ పాకెట్లు మూడు ఇచ్చి, నీళ్ళ సీసా నింపి, రోడ్డు దాటేదాకా గుమ్మంలో నిలబడి చూసింది. ఆ పిల్ల తనను ఎన్ని ప్రశ్నలు అడిగిందో సువార్తమ్మ లెక్కబెట్టుకుంది. తొమ్మిదో పదో. ముప్పైయొక్క ఏళ్ళు ఆస్పత్రిలో ఉన్నా ఇన్ని ప్రశ్నలు తననెవరూ అడగలేదని ఆమెకు తోచింది. కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది.

*

టెంపోలో అందరూ ఎక్కి కూర్చున్నారు. ప్రిస్కిల్లా సిస్టర్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఉంది. చేతిలో గ్లాసు, అందులో నారింజ రంగు నీళ్ళు బుసబుసమంటున్నాయి.

"యాడికి పోతివే? టైము దాటిపోయింది. తాగు."

సువార్తమ్మ చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. గ్లాసు అందుకుంది కూడా. నురగ చిట్లి చల్లగా ముక్కు మీద పడింది. వెనకనుంచి పద్నాలుగు జతల కళ్ళు చూస్తున్నాయి. ఆమె గ్లాసు వైపు చూసింది, మళ్ళీ సిస్టర్ చేతిలోనే పెట్టింది.

"వద్దు సిస్టర్."

"ఏమంటివి?"

"వద్దు సిస్టర్. మూడూ ఒకటే మందంట. మీరిచ్చింది, శాలిని ఇచ్చింది, శారదమ్మ ఇచ్చింది. మెడికల్ షాపు పిల్ల సదివి సెప్పింది. నిన్నటినుంచి కడుపు ఆగల్యా నాకి."

ఆ చివరి మాట పదహారుమంది ముందు ఎలా అనగలిగిందో ఆమెకే తెలియదు. అన్నాక మాత్రం ప్రాణం కాస్త హాయిగా ఉంది.

"నువ్వెప్పుడు ఇచ్చినావు?" ప్రిస్కిల్లా సిస్టర్ శాలిని మీదికి తిరిగింది.

"గురువారమే సిస్టర్. మీరిచ్చినట్టు నాకేం తెలుసు?"

"నాదాంట్లో జింకు ఉండాది," అంది శారదమ్మ.

"జింకు పక్కన అది కూడా ఉండాదంట," అంది సువార్తమ్మ.

ప్రకాష్ బాబు లెక్కల మాస్టరు కాబట్టి ఊరుకోలేకపోయాడు. ఎవరెన్ని ఇచ్చారో అడిగి వేళ్ళు మడిచి, "నాలుగున్నర గ్రాములు!" అన్నాడు.

"ఐదున్నర," అని సరిదిద్దింది సువార్తమ్మ. "రెండు నేనే ఎక్కువ తింటి."

గోవిందప్ప స్టీరింగు మీద చెయ్యి చరిచి నవ్వాడు. "మా ఇంట్లో మేకకి కూడా ముగ్గురు మూడుసార్లు దాణా పెట్టరు సిస్టరమ్మా. ఒకరినొకరు అడుగుతారు."

టెంపో అంతా నవ్వింది. ప్రిస్కిల్లా సిస్టర్ నవ్వలేదు.

"ముప్పైనాలుగేండ్ల సర్వీసు నాది. నిన్న మొన్న షాపు పెట్టిన పిల్ల నాకి నేర్పిస్తాదా?"

"మీకి నేర్పించల్యా సిస్టర్. నన్ను అడిగింది, అంతే. ఎప్పుడన్నా రాయి వచ్చిందా అని అడిగింది."

నవ్వులు ఆగిపోయాయి. సిస్టర్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయింది. నురగ తగ్గి నీళ్ళు తేటగా అయ్యాయి. ఆమె చెడ్డ మనిషి కాదు. మరిచిపోవడం ఆమెకు అలవాటు లేని పని, అందుకే మొహం అంతగా ఎర్రబడింది. తప్పు ఒప్పుకోవడం అంతకంటే అలవాటు లేదు.

"సరే," అంది చివరికి. "మందు వద్దంటివి. ఈ గొంతుతో రేపు ఎట్ల పాడతావు? సంఘం పేరు పోగొడతావా? పాట నాకి కూడా వచ్చు."

సువార్తమ్మ మూడు రోజులుగా ఈ మాటకే భయపడి, కడుపు పట్టుకుని, అడిగినవీ అడగనివీ మింగింది. ఆ మాట వచ్చేసింది. వచ్చాక అది అనుకున్నంత పెద్దగా కనబడలేదు.

"మీకి వచ్చు సిస్టర్," అంది. "అయినా నేనే పాడతా. ఎంత గొంతుంటే అంత పాడతా."

అని, ఎవరూ కూర్చోమనకుండానే, తలుపు పక్కన తన సీట్లో కూర్చుంది.

టెంపో కదిలింది. గ్లాసులో నీళ్ళు పారబోయడానికి మనసొప్పక ప్రిస్కిల్లా సిస్టరే తాగేసింది. పలమనేరు దాటాక ప్రకాష్ బాబు వచ్చి సువార్తమ్మ పక్కన కూర్చుని, "శ్రుతి రెండు మెట్లు కిందికి దించుతా అక్కా. పైకి పోవద్దు, ఈడనే ఉండు," అని సన్నగా రాగం తీసి వినిపించాడు. ఆమె పెదాలు కదిపింది, గొంతు విప్పలేదు. వెంకటగిరికోట దగ్గర పెట్రోలు బంకులో ఒక్కసారి బండి ఆపమంది. ఈసారి సిగ్గుపడకుండా అడిగింది. కుప్పం చేరేదాకా మళ్ళీ ఆపాల్సిన అవసరం రాలేదు.

*

ఆదివారం పొద్దున కుప్పం చర్చి ముందు గుమ్మడికాయలు, రాగి కంకులు, వేరుశనగ మూటలు, అరటి గెలలు గుట్టలుగా పడి ఉన్నాయి. బంతిపూల దండలు కిటికీలకు కడుతూ ఆడవాళ్ళు ఒక మాట తెలుగులో, ఒక మాట తమిళంలో కేకలు వేసుకుంటున్నారు. ఎక్కడ చూసినా వందనాలు, వందనాలు. బృందం రాత్రి బస చేసిన స్కూలు గదిలో జయరత్నం కుట్టిన కండువాలు భుజాల మీద సర్దుకుంటున్నారు.

ప్రిస్కిల్లా సిస్టర్ తుమ్మింది. ఎవరూ వినలేదేమోనని చుట్టూ చూసి మళ్ళీ తుమ్మింది. చేతి సంచిలోంచి గొట్టం డబ్బా తీసి, మూత తీయకుండా పట్టుకుంది. కాసేపటికి సువార్తమ్మ పక్కకు వచ్చి, కండువా అంచు సరిచేస్తున్నట్టు నటిస్తూ అడిగింది.

"ఆ పుంగనూరు పిల్ల ఇంగేం సెప్పింది?"

"మామూలోళ్ళకి దినానికి ఒక ఐదొందల మాత్ర చాలంట సిస్టర్. ఎక్కువ మింగినా జలుబు బిరీన పోదంట."

"ఇది వెయ్యి," అంది సిస్టర్ డబ్బా చూసి. "నిన్న ఒకటి తాగితిని." డబ్బా మళ్ళీ సంచిలో పడేసి, ఫ్లాస్కులో వేడినీళ్ళు నింపుకోవడానికి పోయింది.

చర్చి కిటకిటలాడుతోంది. పాస్టరు అయ్యగారి ప్రార్థన అయింది, పుంగనూరు సంఘం వాళ్ళు పాడి కూర్చున్నారు. మదనపల్లె పేరు పిలిచారు. ప్రిస్కిల్లా సిస్టర్ బృందం ముందు వరుస చివర నిలబడింది. సువార్తమ్మ అందరికంటే ముందుకు వచ్చి మైకు దగ్గర నిలబడింది. ఇన్నేళ్ళూ పాడేటప్పుడు ఆమె చూసింది ముందువాళ్ళ జడలు, కొప్పులు. ఇప్పుడు మొదటిసారి మొహాలు కనబడ్డాయి. అవి చాలా ఉన్నాయి.

ప్రకాష్ బాబు రెండు మెట్లు దించి రాగం ఎత్తుకున్నాడు. గొంతులో మామూలుగా ఉండే సన్నదనం లేదు. జలుబు దాన్ని గరుకుగా, లోతుగా చేసింది. మొదటి లైనుకు ఆమే ఉలిక్కిపడింది. రెండో లైనుకు ఆ గొంతు కూడా తనదేనని తెలిసింది. పెద్ద గాయకురాలి గొంతు కాదది. పొలం గట్టు మీద కూర్చుని వానకోసం ఎదురుచూసే మనిషి గొంతులా ఉంది. వెనక బెంచీల్లో గుసగుసలాడుతున్నవాళ్ళు మాటలు ఆపారు. బృందం పల్లవి అందుకుంది. మొదటి చరణం అయిపోయింది.

రెండో చరణం. "వాన చినుకు తాకిన చోట" అని అంది, అంతే. గొంతులో పొర ఏదో అడ్డుపడింది. దగ్గు వచ్చింది. ఆపుకోబోతే ఇంకో దగ్గు, ఆ వెనక ఇంకొకటి. మైకు ప్రతి దగ్గునూ చర్చి అంతా పంచింది. ప్రకాష్ బాబు ఆ ముక్కనే మళ్ళీ వాయించాడు, మళ్ళీ వాయించాడు. శాలిని భయంగా సిస్టర్ వైపు చూసింది. అందరికీ అదే అనుమానం. పాట తెలిసిన మనిషి రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది. ఒక్క అడుగు ముందుకేస్తే చాలు.

సువార్తమ్మ మైకు వదల్లేదు. కళ్ళలో నీళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"సిస్టర్," అంది, చర్చి అంతా వినేలా. "కొన్ని వేడినీళ్ళు ఇస్తారా?"

ప్రిస్కిల్లా సిస్టర్ ఆ మాట తనతోనేనా అని చూసుకుంది. తరవాత వరుసలోంచి బయటికి వచ్చింది. ఫ్లాస్కు బెంచీ కింద సంచిలో ఉంది. వంగి తీసింది, మోకాలు నొప్పికి ఒక చెయ్యి బెంచీకి ఆనించి లేచింది. మూతలో నీళ్ళు పోసి, వేడి చూసి, నోటితో రెండుసార్లు ఊదింది. అందరూ చూస్తుండగా మూత రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా నడిచి వచ్చి సువార్తమ్మకు అందించింది.

"మెల్లగా తాగు," అంది చెవిలో. "తొందరేం ల్యా. వాళ్ళు కూకోనుంటారు."

మైకు ఆ గుసగుసను కూడా పట్టుకుంది. చర్చిలో సన్నగా నవ్వులు లేచాయి, మంచి నవ్వులు. సువార్తమ్మ కూడా నవ్వింది. తరవాత మెల్లగానే తాగింది, అడుగుదాకా. మూడు సంఘాలు కూర్చుని ఆమె తాగడం చూశాయి. ఖాళీ మూత సిస్టర్ చేతిలో పెట్టి, ప్రకాష్ బాబు వైపు తలూపింది.

రెండో చరణం మొదటినుంచీ అందుకుంది. వరుసలోకి తిరిగి పోయే వ్యవధి సిస్టర్‌కి దొరకలేదు. పాట అయ్యేదాకా ఆమె సువార్తమ్మ పక్కనే, మూత పట్టుకుని నిలబడింది.